ఇల్లు కొంటున్నారా? ఆ కాగితాలు మీ తరఫున చదివేది ఎవరు?

ఉక్కునగరంలోని సెక్టార్ క్వార్టర్‌లో ముప్పై ఏళ్లు గడిపిన ఉద్యోగికి సొంత ఇంటి ఆలోచన చాలాసార్లు రిటైర్మెంట్ దగ్గరపడ్డాకే వస్తుంది. క్వార్టర్ సంస్థది. దాన్ని కొనడం, అమ్మడం ఉండదు. ఉద్యోగం అయిపోయాక అప్పగించి రావాల్సిందే. 2025లో విశాఖ ఉక్కు కర్మాగారంలో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టాక కొన్ని కుటుంబాలకు ఈ ఆలోచన అనుకున్నదానికంటే ముందే వచ్చింది. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు బ్యాంకులో పడుతుంది. కూర్మన్నపాలెం, వడ్లపూడి, దువ్వాడ, గాజువాక వైపు ఆదివారాలు ఫ్లాట్లు చూడటం మొదలవుతుంది.

అక్కడి నుంచి జరిగేది అందరికీ తెలిసిందే. బ్రోకర్ ఇల్లు చూపిస్తాడు. నచ్చిందంటే ఆ సాయంత్రమే టోకెన్ అడ్వాన్స్ అంటాడు. అమ్మేవాళ్లు జిరాక్స్ కాపీలు ఇస్తారు. రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఉండే డాక్యుమెంట్ రైటర్ దస్తావేజు తయారుచేస్తాడు. లోన్ తీసుకుంటే బ్యాంకు తన లాయర్‌కు కాగితాలు పంపుతుంది. ఆ తర్వాత ఫొటోలు, వేలిముద్రలు, సంతకాలు. జీవితమంతా దాచుకున్న డబ్బు ఒక్క పూటలో చేతులు మారుతుంది.

ఈ వరసలో కొనేవారి కోసం, కొనేవారి కోసం మాత్రమే, ఆ కాగితాలు చదివింది ఎవరు? చాలా కొనుగోళ్లలో ఎవరూ ఉండరు.

లండన్‌లో ఒక పద్ధతి, గాజువాకలో ఇంకో పద్ధతి

ఇంగ్లండ్‌లో స్థిరపడిన మనవాళ్లు ఇల్లు కొన్నప్పుడు ‘కన్వేయన్సింగ్ సొలిసిటర్’ అనే మాట వాడుతుంటారు. ఆస్తి బదిలీ పని చూసే న్యాయవాది అన్నమాట. అక్కడ కొనేవారికి ఒకరు, అమ్మేవారికి ఒకరు ఉండటం మామూలు. ఆ ఇంటి మీద ఏమైనా బాధ్యతలు ఉన్నాయా, స్థానిక సంస్థ రికార్డుల్లో ఏముంది అన్నవి ఆయనే తెప్పించి చూస్తాడు. కొనుగోలు డబ్బు కూడా సాధారణంగా సొలిసిటర్ల ఖాతాల ద్వారానే వెళ్తుంది. ఆయన పొరపాటు చేస్తే నష్టం కట్టడానికి తప్పనిసరి బీమా ఉంటుంది. అన్నిటికీ మించి, అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీలో పేరు ఎక్కితే ఆ హక్కుకు ప్రభుత్వం పూచీ ఉంటుంది.

మన దగ్గర ఇలాంటి ఉద్యోగం ఒకటిగా లేదు. అదే పని నలుగురైదుగురి మధ్య ముక్కలై ఉంది. ఆ ముక్కలన్నీ కలిపినా మధ్యలో ఒక ఖాళీ మిగులుతుంది. అదేమిటో అర్థం కావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసు నిజంగా ఏం చేస్తుందో ముందు తెలుసుకోవాలి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అక్కడ నమోదయ్యేది దస్తావేజు. హక్కు కాదు. ఫలానా ఆయన ఫలానా ఆయనకు ఈ ఆస్తి అమ్మినట్లు రాసుకున్నారు, ఇద్దరూ నా ముందుకొచ్చి ఒప్పుకున్నారు, స్టాంపు డ్యూటీ కట్టారు అని సబ్ రిజిస్ట్రార్ నమోదు చేస్తారు. ఆస్తి నిషేధిత జాబితాలో ఉంటే ఆపుతారు. అమ్మే ఆయనకు అసలు అమ్మే హక్కు ఉందా అన్నది తేల్చడం మాత్రం ఆయన పని కాదు. తమిళనాడులో మాత్రం అమ్మేవారు పాత దస్తావేజు, ఈసీ చూపించి హక్కు నిరూపించుకోకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చని ఒక నిబంధన పెట్టారు. 2025 ఏప్రిల్ 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అమ్మేవారికి హక్కు ఉందో లేదో చూసే అధికారం రిజిస్టరింగ్ అధికారికి లేదని ఆ తీర్పులో స్పష్టంగా చెప్పింది.

మన రాష్ట్రంలో ఈ పద్ధతినే మార్చే ప్రయత్నం ఒకటి జరిగింది. హక్కుకు ప్రభుత్వం పూచీ ఇచ్చేలా తెచ్చామన్న 2022 నాటి ఆంధ్రప్రదేశ్ భూ యాజమాన్య హక్కు చట్టం, అంటే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్, 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. 2024 ఎన్నికల్లో దాని మీద ఎంత రగడ జరిగిందో గుర్తుండే ఉంటుంది. కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ ఏడాదే అసెంబ్లీ దాన్ని రద్దు చేసింది. ఆ చట్టం మంచిచెడ్డల సంగతి వేరే చర్చ. ఇల్లు కొనేవారికి సంబంధించినంతవరకు జరిగింది ఇదీ: పాత పద్ధతే కొనసాగుతోంది, హక్కు సరిగ్గా ఉందో లేదో చూసుకునే భారం కొనేవారిదే.

డాక్యుమెంట్ రైటర్, బ్యాంకు లాయర్ ఉన్నారుగా?

డాక్యుమెంట్ రైటర్లను తక్కువ చేయడం సరికాదు. షెడ్యూలు రాయడంలో, నాలుగు హద్దులు సరిపెట్టడంలో, ఏ సర్వే నంబరుకు ఏ మార్కెట్ విలువ పడుతుందో చెప్పడంలో చాలామంది లాయర్ల కంటే వాళ్లకే పట్టు ఎక్కువ. కానీ వాళ్ల పని మీరు చెప్పింది రాయడం. హక్కు మీద అభిప్రాయం ఇవ్వడం కాదు. పైగా ఒకే రైటర్ కొనేవారికీ అమ్మేవారికీ కలిపి పనిచేస్తాడు. చాలాసార్లు ఆయన్ను తీసుకొచ్చేది బ్రోకరే. ఇప్పుడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నమూనా దస్తావేజులు ఉన్నాయి, వివరాలు మనమే నమోదు చేసుకునే వీలుంది, స్లాట్ బుకింగ్ కూడా వచ్చింది. ఓపిక ఉంటే రైటర్ లేకుండానే పని పూర్తి చేయవచ్చు. పాత కాగితాల్లో ఏముందో చదివి చెప్పే పని మాత్రం ఏ వెబ్‌సైటూ చేయదు.

ఇక బ్యాంకు లాయర్. ‘బ్యాంకు లోన్ ఇచ్చిందంటే టైటిల్ క్లియర్ ఉన్నట్టే’ అన్న మాట విశాఖలో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడినా వినిపిస్తుంది. ఇందులో సగం నిజం ఉంది. బ్యాంకు ప్యానెల్ న్యాయవాది సాధారణంగా 30 ఏళ్ల లింకు దస్తావేజులు చూసి అభిప్రాయం రాస్తారు. ఫీజు మీ దగ్గరే వసూలు చేస్తారు. కానీ ఆయన క్లయింటు బ్యాంకు. ఆయన చూసేది బ్యాంకు అప్పుకు ఈ తాకట్టు సరిపోతుందా అని. ఆస్తి పోయినా మీ జీతం, పింఛను, హామీదారు మీద బ్యాంకుకు హక్కు ఉంటుంది. మీకు ఏముంటుంది? ఆ నివేదిక కాపీ కూడా అడిగితే తప్ప చేతికి రాదు, అడిగినా చాలాసార్లు ఇవ్వరు. చాలామందికి అది వచ్చేది అడ్వాన్సు ఇచ్చి, అగ్రిమెంటు రాసుకుని, లోన్‌కు దరఖాస్తు పెట్టిన తర్వాత.

హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ప్యానెల్ న్యాయవాది మీద గతంలో సీబీఐ కేసు పెట్టింది. గృహ రుణాల కోసం ఆయన ఇచ్చిన లీగల్ ఒపీనియన్లు తప్పని, ఆ కుట్రలో ఆయనకూ భాగం ఉందని ఆరోపణ. 2012లో సుప్రీంకోర్టు ఆయనపై క్రిమినల్ కేసు నిలవదని తేల్చింది. న్యాయవాది శ్రద్ధగా, నైపుణ్యంతో పనిచేయాలి, కానీ ఫలితానికి ఆయన గ్యారంటీదారు కాదని కోర్టు చెప్పింది. అభిప్రాయం తప్పయినంత మాత్రాన, కుట్రకు వేరే ఆధారం లేకుండా నేరం అంటగట్టలేమంది. కాబట్టి బ్యాంకు లాయర్ సంతకాన్ని పూచీకత్తు అనుకోకూడదు.

లాయర్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

అడ్వాన్సు ఇవ్వకముందు. మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇదే. రిజిస్ట్రేషన్‌కు రెండు రోజుల ముందు కాగితాలు పట్టుకెళ్తే లాయర్ లోపం కనిపెట్టినా మీరు చేయగలిగింది తక్కువ. అప్పటికే పది లక్షలు అవతలివాళ్ల చేతిలో ఉంటాయి. లోపం చెబితే ‘అయితే కేన్సిల్ చేసుకోండి, డబ్బు ఇంకొకరు కొన్నాక ఇస్తాం’ అంటారు.

టోకెన్ ఇవ్వక తప్పదనుకుంటే చిన్న మొత్తం, బ్యాంకు ద్వారా, ఒక కాగితం రాసుకుని ఇవ్వండి. న్యాయవాది పరిశీలనలో హక్కులో లోపం ఉందని తేలితే ఇన్ని రోజుల్లో మొత్తం వాపసు ఇవ్వాలి అన్న ఒక్క వాక్యం అందులో ఉంటే చాలు. ఆ వాక్యానికి ఒప్పుకోని అమ్మకందారు విషయంలో కాస్త ఆలోచించాలి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

లాయర్ చూసేది ఏమిటి?

ఈసీ నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. ‘ఈసీ తీశాం, క్లీన్‌గా ఉంది’ అంటారు. ఈసీ అడిగినదానికే జవాబు చెబుతుంది. ఫ్లాటు నంబరు, అపార్ట్‌మెంటు పేరుతో వెతికితే ఆ ఫ్లాటు లావాదేవీలే వస్తాయి. ఆ స్థలం ఖాళీగా ఉన్నప్పుడు సర్వే నంబరు మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు, దాన పత్రాలు అందులో రాకపోవచ్చు. అనుభవం ఉన్న లాయర్ సర్వే నంబరు, ప్లాటు నంబరు, పాత డోరు నంబరు అన్నిటితోనూ వెతికిస్తాడు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత రిజిస్టర్లు వెతికించాలి. ఊళ్లు ఒక సబ్ రిజిస్ట్రార్ పరిధి నుంచి ఇంకో పరిధిలోకి మారుతుంటాయి కాబట్టి పాత ఆఫీసులోనూ చూడాల్సి రావచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక పరవాడ, సబ్బవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. లంకెలపాలెం దాటి ప్లాటు కొనేవారు ఏ రికార్డు ఏ జిల్లాలో ఉందో అడిగి తెలుసుకోవాలి.

రిజిస్టరు కానిదేదీ ఈసీలో ఉండదు. రిజిస్టరు చేయని వీలునామా, తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకపు ఒప్పందం, అన్నదమ్ముల నోటి పంపకాలు, కోర్టులో నడుస్తున్న దావా, కట్టని ఆస్తిపన్ను, ఇవేవీ కనిపించవు. దావాల కోసం ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో అమ్మేవారి పేరు, వాళ్ల తండ్రి పేరు కొట్టి చూస్తారు. బ్యాంకు తాకట్ల కోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుముతో ఎవరైనా వెతుక్కోవచ్చు. అనుమానం ఉంటే రెండు పత్రికల్లో ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా చెప్పమని అడుగుతారు. వచ్చిన అభ్యంతరం ఉత్తదే కావచ్చు, కానీ అది డబ్బు ఇవ్వకముందే రావడం మేలు.

ముప్పై ఏళ్ల కాగితాలే ఎందుకు అడుగుతారు? ప్రైవేటు వ్యక్తులు స్థిరాస్తి స్వాధీనం కోసం దావా వేయడానికి కాలపరిమితి 12 ఏళ్లు, ప్రభుత్వానికి 30 ఏళ్లు. ఆ రెండు గడువులూ దాటేలా వెనక్కి వెళ్లడమే ఉద్దేశం. విశాఖలో కొన్ని భూములకు ముప్పై కూడా చాలదు. అసలు మొదటి రికార్డులో అది ఎవరి పేరు మీద ఉంది, పట్టా భూమా, పోరంబోకా, ఈనామా అన్నది చూడక తప్పదు.

ఎక్కువ కొంపలు ముంచేది మాత్రం వారసత్వం. తండ్రి పేరు మీద ఉన్న ఇంటిని ఇద్దరు కొడుకులు అమ్ముతారు. పెళ్లయిన ఆడపిల్ల సంగతి ఎవరూ అడగరు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లో ఉంది. మన రాష్ట్రంలో అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు వాటా ఇచ్చే సవరణ వచ్చింది. ఇక వీలునామా రాయకుండా మగమనిషి పోతే, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ భార్యాపిల్లలతో సమానంగా ఒక వాటా. ఆ ముసలావిడను లెక్కలో వేసుకునేవాళ్లు తక్కువ. ఆమె తర్వాత ఆమె వాటా ఆమె మిగతా పిల్లలకూ వెళ్తుంది. మీరు కొన్న ఫ్లాటులో ఎవరో మేనత్త కొడుక్కి వాటా తేలుతుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవడం, అందులోని పేర్లన్నీ దస్తావేజులో ఉన్నాయా అని సరిచూడటం, లేనివాళ్ల చేత హక్కు విడుదల పత్రం రాయించడం లాయర్ చేయాల్సిన పని. ఆ ఒక్క పనికే ఆయన ఫీజు కిట్టుబాటవుతుంది.

అమ్మేది యజమాని కాకుండా జీపీఏ హోల్డర్ అయితే ఇంకో మెట్టు జాగ్రత్త కావాలి. పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకుని అమ్మేసినంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టరైన సేల్ డీడ్ ఉండాల్సిందే. యజమాని తరఫున సేల్ డీడ్ రాసివ్వడానికి జీపీఏ వాడొచ్చు. కానీ ఆ జీపీఏ ఇప్పటికీ అమల్లో ఉందా, రద్దు చేశారా, ఇచ్చినాయన బతికే ఉన్నారా అన్నది చూడాలి. మామూలు జీపీఏ ఇచ్చినవారి మరణంతో ముగిసిపోతుంది. యజమాని విదేశంలో ఉంటే వీడియో కాల్‌లో ఒక్కసారి మాట్లాడటానికి మొహమాటపడకండి.

విశాఖకు ప్రత్యేకమైన చిక్కులు

రాష్ట్రంలో ఎక్కడ కొన్నా నిషేధిత జాబితా చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని సెక్షన్ 22ఏ కింద ఉండే జాబితా అది. అసైన్డ్ భూములు, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు భూములు అందులో ఉంటాయి. శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరుతో చూడొచ్చు. విశాఖలో మాత్రం ఈ జాబితా కథ ఆ ఒక్క క్లిక్కుతో అయిపోదు.

సింహాచలం దేవస్థానం భూముల సమస్య తెలియని విశాఖవాసి ఉండడు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం పంచగ్రామాల్లో వేలాది ఇళ్లు దశాబ్దాలుగా ఆ వివాదంలోనే ఉన్నాయి. ఇల్లు కళ్ల ముందు ఉంటుంది, కరెంటు బిల్లు వస్తుంది, పన్ను రసీదు ఉంటుంది. రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగుతుంది. ‘త్వరలో క్రమబద్ధీకరణ అయిపోతుంది, ఇప్పుడు కొంటే చవక’ అని చెప్పేవారు ప్రతి ఎన్నికల ముందూ కనిపిస్తారు. గాజువాకలో హౌస్ కమిటీ భూములదీ ఇలాంటి సుదీర్ఘ కథే. పన్ను రసీదు, కరెంటు మీటరు ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారో చెబుతాయి. హక్కు సంగతి చెప్పవు.

ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసితులకు పునరావాస కాలనీల్లో స్థలాలు ఇచ్చారు. కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది 1971లో. అంటే స్థలం తీసుకున్న తరం చాలావరకు వెళ్లిపోయింది, ఇప్పుడు అమ్ముతున్నది మనవలు. అందువల్ల ఇక్కడ రెండు ప్రశ్నలు తప్పవు. ఆ స్థలం ఏ పత్రంతో, ఏ షరతులతో ఇచ్చారు? మొదట పొందిన వ్యక్తి వారసులందరూ సంతకం చేస్తున్నారా? ‘ఆర్ కార్డు ఉంది’ అన్న మాట ఈ రెండిటికీ జవాబు కాదు. ఆర్ కార్డు నిర్వాసితుడని గుర్తింపు, స్థలం మీద యాజమాన్య పత్రం కాదు.

మధురవాడ, భీమిలి వైపు వెళ్తే భయం ఇంకో రకం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ తర్వాత రెవెన్యూ రికార్డులు కనిపించడం లేదని, కొన్నిటిని తారుమారు చేశారని ఆరోపణలు రావడంతో 2017లో ప్రభుత్వం సిట్ వేసింది. 2019లో వచ్చిన ప్రభుత్వం మరో సిట్ వేసింది. ఇది తెలిసిన లాయర్ ఇప్పటి అడంగల్, 1బీ చూసి ఊరుకోడు. పాత సెటిల్‌మెంటు రికార్డు నకలు తెప్పించి, పేరు ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో మారిందో అడుగుతాడు. మాజీ సైనికులకు ఇచ్చిన భూమి అంటే కలెక్టర్ ఇచ్చిన ఎన్‌వోసీ అసలైనదేనా అని ఆ కార్యాలయంలోనే నిర్ధారించుకుంటాడు. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు 2023లో ఫ్రీహోల్డ్ హక్కులు ఇచ్చి, 2024లో అక్రమాల ఆరోపణలతో వాటి రిజిస్ట్రేషన్లు ఆపిన సంగతి మరిచిపోయి ‘ఫ్రీహోల్డ్ అయింది సార్’ అన్న మాటకు అడ్వాన్సు ఇస్తే చిక్కే. అరకు, పాడేరు వైపు ఏజెన్సీలో అయితే 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు అక్కడ భూమి కొనలేరు, చర్చ అక్కడితో సరి.

ఫ్లాటు అయితే

అపార్ట్‌మెంటులో మీరు కొనేది గోడలతోపాటు స్థలంలో అవిభాజ్య వాటా. అన్ని ఫ్లాట్ల వాటాలు కలిపితే మొత్తం స్థలం ఎంతో అంతే రావాలి. కొన్నిచోట్ల ఎక్కువ వస్తుంది. స్థల యజమానికి, బిల్డర్‌కు మధ్య రాసుకున్న డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో మీ ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చిందో చూడాలి. యజమాని వాటా ఫ్లాటును బిల్డర్ అమ్మలేడు.

ప్లాను మంజూరు చేసేటప్పుడు నిబంధనలు పాటిస్తాడన్న హామీగా బిల్డర్ కట్టడంలో కొంత భాగాన్ని స్థానిక సంస్థకు తనఖా పెడతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వస్తే ఆ తనఖా విడుదలవుతుంది. మీకు చూపిస్తున్న ఫ్లాటు తనఖాలో ఉన్నదేనా అని జీవీఎంసీ మంజూరు పత్రాల్లో చూసుకోవాలి. అనుమతి లేని పై అంతస్తు చవకగా వస్తుంది. దాన్ని తిరిగి అమ్మేటప్పుడు బ్యాంకు లోన్ ఇవ్వనప్పుడు ఆ చవక ఎందుకో తెలుస్తుంది.

కొత్త ప్రాజెక్టు అయితే ఏపీ రెరాలో నమోదై ఉండాలి. నమోదు తప్పనిసరి అయిన ప్రాజెక్టులో రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కానీ స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా నమోదు అక్కర్లేదు. గాజువాక చుట్టుపక్కల సందుల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ కొలతల్లోనే ఉంటాయి. వాటికి రెరా రక్షణ లేదు కాబట్టి అగ్రిమెంటు మీద లాయర్ శ్రద్ధ మరింత అవసరం.

ఖర్చు ఎంత?

సేల్ డీడ్‌కు మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. ఒప్పుకున్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్క. 60 లక్షల ఫ్లాటుకు నాలుగున్నర లక్షలు అయిపోతాయి. విలువ 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనేవారు 1 శాతం, ఇక్కడ 60 వేలు, టీడీఎస్‌గా మినహాయించి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. అమ్మేవారు ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క చెల్లదు. పరిమితితో పనిలేకుండా ఎక్కువ రేటులో మినహాయించాలి. మినహాయించకపోతే పన్ను శాఖ అడిగేది కొన్నవారినే. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫ్లాటు కొంటున్నామని సంబరపడేవారు ముందు ఈ సంగతి ఆడిటర్‌ను అడగాలి.

ఇన్ని లక్షల పక్కన టైటిల్ పరిశీలనకు లాయర్ తీసుకునేది సాధారణంగా కొన్ని వేలే. అక్కడే బేరమాడతాం. ఆస్తి ధరలో శాతం అడిగేవారు, బ్రోకర్ పంపగా వచ్చినవారు, కాగితాలు చూడకుండానే ‘ఏం ఫర్వాలేదు’ అనేవారు ఉంటే మర్యాదగా వచ్చేయండి. సివిల్ కేసులు నడిపే, స్థానిక రెవెన్యూ రికార్డులు తెలిసినవారు కావాలి. ఏయే పత్రాలు చూశారు, ఏవి చూడలేదు, ఏ షరతుల మీద కొనవచ్చు అన్నది లెటర్‌హెడ్ మీద, ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో రాసి ఇమ్మనండి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. జిరాక్స్‌ల మీద కాకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తీసిన సర్టిఫైడ్ కాపీల మీద అభిప్రాయం ఇవ్వమని చెప్పండి. నకిలీ దస్తావేజులు బయటపడేది చాలాసార్లు అలా పోల్చినప్పుడే.

అమ్మేవారికీ లాయర్ కావాలా?

కావాలి, కొంత తక్కువగా. ఆస్తిలో తనకు తెలిసిన, కొనేవారు మామూలుగా చూస్తే తెలియని లోపాన్ని చెప్పాల్సిన బాధ్యత, అడిగిన పత్రాలు చూపించాల్సిన బాధ్యత, అమ్మిన తేదీ వరకు పన్నులు కట్టాల్సిన బాధ్యత 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 55 అమ్మేవారి మీద పెట్టింది. దాచిపెట్టి అమ్మితే తర్వాత దావా ఎదుర్కోవాలి. మిగతా డబ్బు ఏ తేదీకి, ఎలా వస్తుంది, రాకపోతే అగ్రిమెంటు ఏమవుతుంది అన్నది లాయర్ చేత రాయించుకోవడం మంచిది. చెక్కు చేతికిచ్చి సంతకం పెట్టించుకుని, ఆ తర్వాత చెక్కు చెల్లకపోతే సేల్ డీడ్ దానంతట అది రద్దు కాదు.

అమ్మే ఇంటి మీద లోన్ తీరిపోయి ఉంటే బ్యాంకు నుంచి ఒరిజినల్స్ ముందే తెచ్చుకోండి. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో పత్రాలు తిరిగి ఇవ్వాలని, ఆలస్యం బ్యాంకుదే అయితే రోజుకు 5 వేల రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. ఒరిజినల్స్ వచ్చినంత మాత్రాన ఈసీలోని తాకట్టు నమోదు పోదు. దాని విడుదల పత్రం కూడా రిజిస్టరు చేయించాలి. చాలామంది ఇది మరిచిపోతారు, పదేళ్ల తర్వాత అమ్మబోయినప్పుడు ఆ బ్యాంకు బ్రాంచి ఎక్కడుందో వెతుక్కుంటారు.

లాయరే పొరపాటు చేస్తే?

2024 మే 14న సుప్రీంకోర్టు న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రావని తీర్పు ఇచ్చింది. కాబట్టి తప్పుడు అభిప్రాయం ఇచ్చారని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేరు. నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే సివిల్ కోర్టులో పరిహారానికి దావా వేయాలి. దుష్ప్రవర్తన అయితే ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. ఇంగ్లండ్‌లో ఉన్నట్టు తప్పనిసరి బీమా ఇక్కడ లేదు. రాతపూర్వక అభిప్రాయం, ఫీజు రసీదు ఉంచుకోమనేది అందుకే. అవి లేకపోతే ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

లాయర్ ఫీజు కూడా భారమనుకునేవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. 1987 నాటి చట్టం కింద మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులతోపాటు పారిశ్రామిక కార్మికులకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. న్యాయ సలహా కూడా అందులో భాగమే. ఉక్కునగరంలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల చుట్టూ తిరిగి పాత రికార్డులు వెతికిపెట్టే పని వాళ్లు చేయకపోవచ్చు గానీ, చేతిలో ఉన్న అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందు ఒకసారి చదివి చెప్పమని అడగవచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 15100.